మోచేతికి బెత్తెడు కింద

నేను ఒక నల్ల బండను. ఊళ్ళో కడప బండ అంటారు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళమున్నర మందం. ఒక అంచున తెల్లటి సన్న గీత ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది. మిగతా గీతలన్నీ మనుషులు పెట్టినవి.

ఎర్రగుంట్ల అవతల ఒక గనిలో, ఒకదాని మీద ఒకటిగా పడివున్న పొరల్లో నేనొక పొరను. ఎన్నాళ్ళున్నానో తెలియదు. అక్కడ పని లేదు కాబట్టి రోజులు తెలియవలసిన అవసరం రాలేదు. నన్ను పైకి తీసినవాడు ఓబయ్య అనే గని మనిషి. ఉలి పెట్టే ముందు సుత్తితో మెల్లగా తట్టి చెవి పెట్టి వినేవాడు. లోపల పగులుంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. నన్ను తట్టి, విని, పక్కనున్నవాడితో "ఇది మోస్తాది" అన్నాడు. నా గురించి మనిషి నోట వచ్చిన మొదటి మాట అదే. పొగిడాడనుకున్నాను. శిక్ష వేశాడని తర్వాత తెలిసింది.

ఒక పక్క మాత్రం నున్నగా సానబట్టారు. రెండో పక్క గరుకుగానే వదిలేశారు. కనపడే పక్క నున్నగా ఉంటే చాలట, మోసే పక్క ఎట్లా ఉన్నా ఫరవాలేదట. ఈ పద్ధతిని వాళ్ళు రాళ్ళ దగ్గరే కాదు, ఇంకా చాలా చోట్ల పాటిస్తారని తర్వాత చూశాను. లారీలో గడ్డి మధ్యన నిలువుగా నిలబెట్టి, నంద్యాల పక్క పాలచెలిమ అనే ఊరికి తెచ్చి, ఒక మిద్దె ముందు దించారు.

ఆ ఇల్లు చెన్నమ్మది. మొగుడు పోయిన మనిషి. ఎనిమిదెకరాల సేద్యం, మద్దిలేటి అని ఒక్కడే కొడుకు. ఆ వీధిలో మొట్టమొదట గ్యాస్ పొయ్యి తెప్పించింది ఆమే. దాన్ని నేల మీద పెట్టుకుని కూర్చుని వండితే తెప్పించి ఏం లాభమని, నిలబడి వండడానికి గట్టు కట్టించాలనుకుంది. చెన్నమ్మ పొడుగు మనిషి. తన ఇంటి గడప తానే తల వంచి దాటేది. మగవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళే కొంచెం తల ఎత్తేవాళ్ళు.

గట్టు కట్టిన మేస్త్రి దస్తగిరి. అప్పటికి పాతికేళ్ళవాడు, సొంతంగా తాపీ పట్టి ఏడాది కాలేదు. కానీ అతనికప్పటికే ఒక పద్ధతి ఉంది. అందరి ఇళ్ళలోనూ ఒకే ఎత్తు పెట్టేవాడు కాదు. ముందుగా "వండే మనిషి యాడ?" అని అడిగేవాడు. ఆమెను గోడ పక్కన నిలబెట్టి, మోచెయ్యి వంచమని, మోచేతికి బెత్తెడు కింద గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. ఆ గీత మీద బండ పడితే మనిషికి నొప్పి ఉండదని అతని లెక్క. చెన్నమ్మకు అట్లాగే గీసి, ఆ గీత మీద నన్ను పరిచాడు. రసమట్టం పెట్టి ఒక కన్ను మూసి చూసుకుని, చేతులు కడుక్కున్నాడు.

చెన్నమ్మకు నేను సరిగ్గా సరిపోయాను. మూడేళ్ళు ఆమె నా మీద వండింది. ఇంట్లో గొడవలు ఉండేవి, పంట పోయిన ఏడు ఉండేది, కానీ బండ దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నా బతుకులో సుఖమైన కాలమేదైనా ఉందంటే అదే.

నాలుగో ఏడు మద్దిలేటికి పెళ్ళయింది. కోడలు సుంకమ్మ. పదహారేళ్ళ పిల్ల. పొట్టి. మొదటిరోజు వంటింట్లోకి వచ్చి నిలబడితే నా అంచు ఆమె పక్కటెముకలకు తగిలింది. గిన్నెలోకి చూడాలంటే మునివేళ్ళ మీద లేవవలసి వచ్చింది.

మద్దిలేటి చూశాడు. "గట్టు కొంచెం దించుదామా మా?" అన్నాడు తల్లితో.

"పదహారేండ్ల పిల్లరా. ఇంకా ఎదుగుతాది. ఇప్పుడు దించి, ఎదిగినంక మళ్ళీ లేపుతావా?"

ఆ మాట అందరికీ న్యాయంగానే అనిపించింది. సుంకమ్మకు కూడా. ఎదిగేదాకా సర్దుకోవడానికి మద్దిలేటి విరిగిన ఎద్దులబండి చెక్కతో ఒక పీట కొట్టించి తెచ్చాడు. ఆరంగుళాల ఎత్తు, అడుగు వెడల్పు.

సుంకమ్మ ఎదగలేదు. ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు. మహానంది పుట్టాడు. వాడు ఎదిగాడు. ఆమె ఎదగలేదు. తర్వాత చూడడం మానేశారు. చెన్నమ్మ కొన్నాళ్ళు మంచాన పడి చనిపోయింది. ఆమె పోయాక కూడా గట్టు దించుదామని ఎవరూ అనలేదు. మనుషులకు తాత్కాలికం అన్న మాట ఒకటుంది. నేను చూసినంతలో దానికంటే ఎక్కువ కాలం నిలిచేది ఏదీ లేదు.

ఆ పీటను సుంకమ్మ చేత్తో ముట్టడం నేను అరుదుగా చూశాను. కాలి బొటనవేలితో లాక్కునేది. పొయ్యి దగ్గర నుంచి నీళ్ళబిందె దగ్గరికి, బిందె దగ్గర నుంచి పోపులడబ్బా దగ్గరికి, కిందికి చూడకుండానే కాలితో జరుపుకుంటూ, ఎక్కుతూ దిగుతూ తిరిగేది. చీర కుచ్చిళ్ళు నేలదాకా ఉండేవి కాబట్టి గడప అవతల నిలబడినవాళ్ళకు పీట కనపడేది కాదు. ఒకసారి ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన చుట్టం ఒకామె గడప దగ్గరే నిలబడి మాట్లాడి, పోతూ పోతూ "మద్దిలేటి పెండ్లాం కూడా అత్తమాదిరే పొడుగు మనిషి" అన్నది. సుంకమ్మ నవ్వుకుంది. నవ్వుకుంది కాబట్టి అప్పటికింకా గుర్తుందన్న మాట. పోను పోను అదీ పోయింది. చెప్పులు తొడుక్కుంటే ఎవరికి గుర్తుంటుంది? అట్లా అయిపోయింది పీట.

నా సంగతి కూడా చెప్పాలి. కాగిన గిన్నెలు తెచ్చి నా మీదే దించారు. చింతపండు పులుసు ఒలికి పైన మెరుపంతా తినేసింది. కత్తి మొద్దుబారితే నా అంచుకే రాశారు, అందుకని ఒక చోట అంచు పల్లంగా అరిగింది. పసుపు దంచారు, మిరపకాయలు నూరారు, పండగకు కోడిని కోశారు, ఇస్త్రీపెట్టె పెట్టారు, మహానంది చిన్నప్పుడు నా మీదే కూర్చోబెట్టి ముక్కు తుడిచారు. ఏది చేసినా చివర తడిగుడ్డతో ఒకసారి తుడిచి, శుభ్రమైపోయిందనుకునేవాళ్ళు. తుడిస్తే పోయేవి పోయేవి. మిగతావి నాతోనే ఉండేవి.

అన్నిటికంటే ఎక్కువగా జొన్నరొట్టె. ఆ ఇంట్లో పొద్దున పది రొట్టెలు, రాత్రికి ఎనిమిది. పిండి ముద్ద నా మీద పెట్టి రెండు చేతులతో తిప్పుతూ తట్టాలి. రొట్టె తట్టడానికి చేతులు చాలవు, ఒళ్ళు కావాలి. ఒంటి బరువు ముందుకు వాలాలి. సుంకమ్మకు పీట ఎత్తునిచ్చింది గానీ నిలకడ ఇవ్వలేదు. అడుగు వెడల్పు చెక్క మీద నిలబడి ముందుకు వాలితే పీట వెనక్కి లేస్తుంది. ఒకటి రెండు సార్లు లేచింది కూడా. అప్పటి నుంచి బరువు వెయ్యకుండా ఒట్టి భుజాలతో తట్టడం నేర్చుకుంది. రోజుకు పద్దెనిమిది రొట్టెలు, ముప్పై మూడేళ్ళు. కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోయేది కాదు. పక్కింటి పిల్లను పిలిచి వేయించుకునేది. నొప్పిని దాచిందని అనను. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే.

మహానందికి పెళ్ళయి హిమబిందు వచ్చిన మరుసటేడు ఒక పొద్దున అది జరిగింది. సుంకమ్మ కాగిన చారు గిన్నె గుడ్డతో పట్టుకుని పీట దిగబోయింది. చెక్క ఒక పక్కకు ఒరిగింది. ఆమె నా అంచు పట్టుకుంది, గిన్నె వదిలేసింది. చారు ఎడమ పాదం మీద పడింది. కింద కూర్చుని కాలు చూసుకుంటూ ఉంటే కోడలు పరుగెత్తుకొచ్చింది. ఆ హడావిడిలో ఎవరి కాలో తగిలి పీట పోయి రుబ్బురోలు వెనకాల పడింది. వచ్చినవాళ్ళెవరూ దాన్ని చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని తప్పు ఎక్కడ జరిగిందో వెతికారు.

"నేల బండలు అరిగి నున్నగయినాయి. కాలు జారకుంటే ఏమవుతాది?" అన్నాడు మహానంది. వాడు కరెంటు సబ్‌స్టేషన్లో పని చేస్తాడు, ఏదైనా కాలిపోతే కారణం రాయడం అలవాటు.

"వెలుతురేది?" అన్నది హిమబిందు. "గోడలు నలుపు, గట్టు నలుపు. పట్టపగలు లైటేస్తే గానీ ఉప్పేదో పప్పేదో కనపడదు."

"ఎవరో దిష్టి పెట్టినారు," అన్నాడు మద్దిలేటి.

"మన వంటింటికా?" అన్నది కోడలు.

సుంకమ్మ పాదానికి మందు పూసుకుంటూ వింటోంది. ఆమె కూడా పీట మాట ఎత్తలేదు. తన కాలు తనను పడేసిందని ఎవరంటారు?

ఆ రాత్రి అన్నాల దగ్గరే తేలిపోయింది. వంటిల్లు మొత్తం కొత్తగా చెయ్యాలి. కింద టైల్స్, గోడలకు నిలువెత్తు టైల్స్, గట్టుకు గ్రానైట్, కింద కబోర్డులు. అమ్మ కోసమే చేస్తున్నానని మహానంది నాలుగిళ్ళలో చెప్పుకున్నాడు. నిజంగానే ఆమె కోసమే. అందులో అబద్ధం లేదు.

రెండు రోజులు ఊరుకుని సుంకమ్మ ఒక మాట అన్నది. "నాయినా, గట్టు కొంచెం కిందికి పెట్టించు. భుజాలు లాగుతాండాయి."

"దస్తగిరి మామే వస్తాడులేమా. ఆయన ఎవరికి చేసినా వండే మనిషి కొలతే తీసుకుంటాడు. నీ కొలతే పెడతాడు."

నీ కొలత అన్న మాట ఆమెకు ఎంత పట్టిందో నేను చూశాను. వెనక తలుపు తీసి ఉంటే నాకు పెరడంతా కనపడేది. కాలు కొంచెం మానగానే ఆమె పెరట్లోకి పోయి, అన్నిటి పక్కనా నిలబడి చూడడం మొదలుపెట్టింది. నీళ్ళతొట్టి గోడ పక్కన నిలబడి మోచెయ్యి వంచింది. అది తక్కువ. ప్రహరీ గోడ పక్కన నిలబడింది. అది ఎక్కువ. గడ్డివాము పక్కన బోర్లించిన పెద్ద గంప మీద రెండు చేతులూ పెట్టి, లేని రొట్టెను ఒకసారి తట్టింది. మద్దిలేటి అటుగా వచ్చి "ఏం చేస్తాండావే?" అంటే "ఏం లేదు, గంప చిరిగిందేమో చూస్తాండా" అన్నది. ముప్పై మూడేళ్ళలో ఆ మనిషి తన కోసం ఏదైనా కొలుచుకోవడం నేను చూడడం అదే మొదలు.

దస్తగిరి వచ్చిన పొద్దు సుంకమ్మ రొట్టెలు తడుతోంది. అరవై దాటిన మనిషి, గడ్డం తెల్లబడింది, మాట తగ్గింది. గడప దగ్గర చెప్పులు వదిలి, మహానంది వెంట లోపలికి వచ్చి, నన్ను చూసి, అరచెయ్యి నా మీద వేసి ఒకసారి రాశాడు. పలకరింపేమో, పరీక్షేమో తెలియదు.

"చెల్లెమ్మా, కదలొద్దు. అట్లనే ఉండు. చెయ్యి వంచు."

సుంకమ్మ పిండి చేతులు పైకెత్తి, నడుం నిటారుగా పెట్టి, పెళ్ళిపీటల మీద ఫొటోకు నిలబడ్డంత బుద్ధిగా నిలబడింది. మోచెయ్యి వంచింది. దస్తగిరి బెత్తెడు కిందికి కొలిచి పెన్సిలుతో గోడ మీద గీత పెట్టాడు.

ఆమె పీట మీద ఉంది.

రుబ్బురోలు వెనక పడినదాన్ని, మళ్ళీ వంటకు నిలబడిన రోజే కాలితో లాక్కుంది. చీర నేలదాకా ఉంది, అతనికి కనపడలేదు. ఆమెకు గుర్తు లేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఓబయ్య నన్ను గనిలో తట్టినప్పుడు పలికిన గొంతు ఏదో ఉంటే అది ఆ పొద్దు పలకలేదు.

గీత సరిగ్గా నా పైమట్టానికి వచ్చింది. అది చూసి దస్తగిరి మొహం వెలిగింది. ఎప్పుడోగానీ నవ్వడు.

"చూసినావా మహానందీ. ముప్పై ఆరేండ్ల కింద నేను పెట్టిన ఎత్తు. ఒక్క నూలు తేడా లేదు. మీ అవ్వకు సరిపోయింది, మీ అమ్మకూ సరిపోయింది."

తన పనితనం చూసి మురిసిపోయే మనిషికి ఎదురుగా ఉన్నది కనపడదు. చెన్నమ్మ పక్కన సుంకమ్మ ఎంతుండేదో అతనికి తెలియక కాదు. పెళ్ళిలో చూశాడు, వీధిలో చూస్తూనే ఉన్నాడు. కానీ గీత గీతే గదా.

సుంకమ్మ ఆ గీత వంక చూసింది. "ఇంతే ఎత్తా అన్నా?" అన్నది మెల్లగా.

"కింద టైల్స్ రెండంగుళాలు లేస్తాయి చెల్లెమ్మా. ఆ లెక్క నేను చూసుకుంటా."

నేల లేస్తుందంటే గట్టు తగ్గినట్టేనని ఆమె అనుకుంది. నేల లేచినంతా గట్టును కూడా లేపుతానని అతని అర్థం. ఇద్దరూ తృప్తిగా తలలూపారు. తర్వాత ఆమె పీట దిగింది, కాలితో పక్కకు తోసింది, టీ పెట్టడానికి పోయింది. అప్పటికి దస్తగిరి నేల మట్టం చూస్తూ అటు తిరిగి ఉన్నాడు.

వారం తిరక్కముందే నన్ను పెకలించారు. గడ్డపార పెట్టి కింద నుంచి లేపారు. పగులుతానని అందరూ దూరంగా నిలబడ్డారు. పగల్లేదు. నలుగురు మోసుకుపోయి పెరట్లో రేకుల పంచ కింద గోడకు ఆనించారు. నా వెనకాలే పాత డబ్బాలు, ఉట్టి, చిల్లు గంటె, మసిబట్టిన చెక్కలు బయటికొచ్చాయి. ఆ చెక్కల్లో పీట కూడా ఉంది. హిమబిందు దాన్ని స్నానాల నీళ్ళపొయ్యిలోకి తోసింది. ఏమిటో తెలియక తోసింది. ఆమెకు ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

గోడకు ఆనుకుని నిలబడి నేను ముప్పై ఆరేళ్ళ తర్వాత మొదటిసారిగా ఏ బరువూ లేకుండా ఉన్నాను. వాన పడింది, ఎండింది. ఒక కోడి వచ్చి నా నీడలో గుడ్డు పెట్టింది. ఇంక ఇంతే అయితే బాగుండుననిపించింది. ఎవరైనా ముక్కలు కొట్టి కాలవ మీద పరిచినా సరే, కొన్నాళ్ళు ఇట్లా వదిలేస్తే చాలుననిపించింది.

ఆ పదిహేను రోజులూ సుంకమ్మ పెరట్లో నేల మీద పొయ్యి పెట్టుకుని కూర్చుని వండింది. లోపల మిషన్ కోత చప్పుడు, తెల్లటి దుమ్ము. మధ్య మధ్య లేచి వెనక తలుపు సందులోంచి తొంగి చూసేది. పనివాళ్ళు అడ్డం ఉంటే తిరిగి వచ్చేది. ఒకరోజు హిమబిందుతో "కొత్త గట్టయినంక రొట్టెలన్నీ నేనే తడతా, నీవు చెయ్యి పెట్టొద్దు" అన్నది. కోడలు "తట్టుకో అత్తా, నాకు అంతకంటేనా" అన్నది.

పాలు పొంగించే రోజు వచ్చింది. వంటిల్లు వెలిగిపోతోందని వచ్చినవాళ్ళంతా అన్నారు. గోడలకు పాలరంగు టైల్స్, కింద కాఫీరంగు తలుపుల కబోర్డులు, పైన బంగారు చుక్కల నల్ల గ్రానైట్. నా స్థానంలోకి వచ్చినది నాలాగే నల్లది, నాకంటే మెరుపు. దాని మీద నాకేమీ కోపం లేదు. దానికి ఇంకా తెలియదు.

సుంకమ్మ కొత్తచీర కట్టుకుని పాలగిన్నె పట్టుకుని గట్టు ముందు నిలబడింది. వెనక తలుపు బార్లా తీసి ఉంది. నాకు బాగా కనపడింది. గ్రానైట్ అంచు ఆమె పక్కటెముకల దగ్గరికి వచ్చింది. గిన్నె పొయ్యి మీద పెట్టడానికి మోచేతులు రెండూ పక్కలకు లేచాయి. కుడిచెయ్యి మధ్యలో ఆగింది. అప్పుడు ఆమె ఎడమ పాదం, ఇంకా ఎర్రగా ఉన్న ఆ పాదం, కుచ్చిళ్ళ కింద నుంచి బయటికొచ్చి, నున్నటి టైల్స్ మీద అటూ ఇటూ వెతికింది. బొటనవేలు వంచి ఏదో లాక్కోబోయింది. అక్కడేమీ లేదు.

చుట్టాలు పాలగిన్నె వంక చూస్తున్నారు. దస్తగిరి నేల వంక చూస్తున్నాడు. మేస్త్రీలు పని అయ్యాక నేలనే చూసుకుంటారు. ఆ పాదం అతని కంట పడింది.

పాలు పొంగాయి. అందరికీ పాయసం పోశారు. మద్దిలేటి కొత్త తువ్వాలు తెచ్చి దస్తగిరి భుజాన వేసి "బావా, ఇంకో ముప్పై ఆరేండ్లు చూడాల్సిన పన్లే" అన్నాడు. దస్తగిరి పాయసం గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. కాసేపటికి సుంకమ్మ చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వచ్చింది.

"చెల్లెమ్మా. ఆ పొద్దు కొలత తీసుకునేటప్పుడు నీ కాళ్ళ కింద ఏముండె?"

ఆమె చెంబు తొట్టిలో ముంచబోయి తన కాళ్ళ వంక చూసుకుంది. "పీట," అన్నది.

"చెప్పలేదేమి?"

"నాకే తెలీదన్నా, ఎక్కినట్టు. ఇప్పుడు కాలు వెతుకుతాంటే తెలిసె."

దస్తగిరి పాయసం తాగకుండా గ్లాసు తొట్టి గోడ మీద పెట్టాడు. "తీసేద్దునా అంటే కింద చెక్కపని అంతా దానికే బిగించినారు. సింకు కోసినారు. కదిలిస్తే గ్రానైట్ పగులుతాది."

"వద్దన్నా. పిల్లోడు సంబరపడినాడు. ఏం చెప్పొద్దు."

"ఇంకో పీట కొట్టియ్యాల్నా?"

"ఇంక ఎక్కలేనన్నా. భయమవుతాది." ఆమె కాలిమీద నీళ్ళు పోసుకుంది. "కోడలుంది గదా. దానికి సరిపోతాదిలే."

నిజమే, హిమబిందుకు ఆ గట్టు సరిగ్గా సరిపోయింది. మూడు రోజుల్లో వంటంతా ఆమె చేతికి వచ్చింది. "అత్తా, నీవు కూర్చో. ఇన్నేండ్లు చేసినావు, చాలదా?" అన్నది. ప్రేమగానే అన్నది. మహానంది కూడా "అమ్మకు ఇప్పుడు రెస్టు" అని వచ్చినవాళ్ళకు చెప్పాడు. సుంకమ్మ వెనక తలుపు మెట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మొదటిరోజు బియ్యంలో రాళ్ళేరింది. రెండోరోజు ఏరినవే మళ్ళీ ఏరింది. మూడోరోజు లోపల రొట్టె తట్టే చప్పుడు వింటూ కూర్చుంది. కోడలు తట్టుకు తట్టుకు మధ్య ఆగుతోంది, రొట్టె ఒక పక్క మందంగా పోతోందని చప్పుడు బట్టే తెలుస్తోంది. సుంకమ్మ లేచింది. తలుపుదాకా పోయింది. తిరిగి వచ్చి కూర్చుంది. నేను కోరుకున్నది నాకు దొరికింది. అదే ఆమెకూ దొరికింది, ఆమె కోరుకోకుండానే.

నాలుగోరోజు పొద్దున్నే దస్తగిరి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. భుజాన మూడు రోజుల కిందటి కొత్త తువ్వాలు లేదు, పాతదే ఉంది. మిగిలిపోయిన ఇటుకలు పెరటి మూలనే ఉన్నాయి. వాటిని లెక్కబెట్టుకుని, ఇసుక తడపడం మొదలుపెట్టాడు.

మహానంది పళ్ళు తోముకుంటూ వచ్చాడు. "ఏం మామా, ఇంకా ఏం పని?"

"పని తప్పింది. దిద్దుతాండా."

"ఏం తప్పింది? బ్రహ్మాండంగా ఉండాది గదా."

"ఉండాది. నీ పెండ్లానికి." దస్తగిరి గమేలాలో సిమెంటు వేశాడు. "మీ అమ్మ పీట మీద ఉంటే కొలిచినాను. నలభై ఏండ్లు తాపీ పట్టి, మనిషి నేల మీదుందా లేదా చూసుకోకపోతిని."

మహానంది బ్రష్ నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. "ఏ పీట?" అన్నాడు. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ పీట పక్కనే పాకి, దాని మీద కూర్చుని అన్నం తిన్నవాడు. కొంతసేపటికి అతనికి గుర్తొచ్చినట్టుంది. తొట్టి దగ్గరికి పోయి నోరు పుక్కిలించాడు. తర్వాత వచ్చి ఇటుకలు అందివ్వడం మొదలుపెట్టాడు.

మద్దిలేటి కేకేశాడు. "బావా, పెరట్లో గట్టేంది? చూసినోళ్ళు నవ్వరా, లోపల అంతమంచిది పెట్టుకొని?"

"నవ్వినోళ్ళను నా దగ్గరికి పంపు," అన్నాడు దస్తగిరి. అతని నోట ఆ రోజుకు అది పెద్ద మాట.

సుంకమ్మను పిలిచాడు. రేకుల పంచ గోడ పక్కన నిలబడమన్నాడు. ఆమె చెప్పులు విడిచి నిలబడింది. మోచెయ్యి వంచబోతే ఆగమన్నాడు. తాను గొంతుక్కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించి, "రెండు కాళ్ళూ కిందనేనా చెల్లెమ్మా?" అన్నాడు.

"కిందనే అన్నా."

"చూపియ్యి."

ఆమె కుచ్చిళ్ళు బెత్తెడు పైకెత్తింది. కాలిన పాదం, కాలని పాదం, రెండూ మట్టి మీద. కోడలు తలుపులో నిలబడి చూసి నవ్వింది, "మామా, ఇంక బాండు పేపరు రాయించుకో" అన్నది. సుంకమ్మ కూడా నవ్వింది. దస్తగిరి నవ్వలేదు. లేచి, మోచేతికి బెత్తెడు కింద గీత గీశాడు. ఆ గీత నా పాత ఎత్తుకు ఆరంగుళాలు కింద పడింది.

సాయంత్రానికి ఇటుకల గోడలు మూడు లేచాయి. నన్ను పడుకోబెట్టారు. కొత్త సిమెంటు చల్లగా ఉంది. రసమట్టంలోని బుడగ మధ్యకు వచ్చి ఆగింది. నాకు విశ్రాంతి ఆ గోడకు ఆనుకున్న మూడు వారాలే రాసిపెట్టి ఉన్నట్టుంది.

రెండు రోజులు ఆరబెట్టి, మూడోనాడు పొద్దున సుంకమ్మ జొన్నపిండి, వేడినీళ్ళు, పాత గ్యాస్ పొయ్యి తెచ్చి పెట్టుకుంది. పిండి కలిపి ముద్ద చేసి నా మధ్యన పెట్టింది. చెయ్యి వేసింది. నేను ఎప్పటి దెబ్బకోసమే చూశాను, ముప్పై మూడేళ్ళుగా తెలిసిన ఆ భుజం దెబ్బ. అది రాలేదు. ఆమె మడమలు నేలకు తన్ని, నడుం ముందుకు వాలి, ఒంటి బరువంతా అరచేతుల్లోంచి నా మీదికి దిగింది. ఇంత బరువున్న మనిషని నాకు తెలియదు. రొట్టె గుండ్రంగా, పలచగా సాగింది. ఆమె రెండోది మొదలుపెట్టింది. ఆగకుండా ఆరు తట్టింది. నుదుట చెమట పట్టింది, తుడుచుకోలేదు.

లోపలి వంటిల్లు వచ్చినవాళ్ళకు చూపిస్తారు. హిమబిందు అక్కడ కూరలు వండుతుంది. రొట్టెలు ఇక్కడ. వాన జల్లు కొడుతుంది, బూడిద పడుతుంది, కోళ్ళు వచ్చి నన్ను పొడుస్తాయి. అలసిపోయాననే మాట నిజం. అయినా ఆ బరువు కింద ఎట్లా ఉండాలో ఇప్పుడు మళ్ళీ నేర్చుకుంటున్నాను.

నిన్న హిమబిందు బయటికొచ్చి "జరుగత్తా, నేనొకటి తడతా" అంటూ పిండి తీసుకుంది. నా మీదికి వంగి నాలుగు దెబ్బలు వేసి నడుం పట్టుకుంది.

"ఏందత్తా ఇది, ఇంత కిందుండాది. నా నడుం పోతాండాది."

సుంకమ్మ ఆమె చేతిలోంచి రొట్టె తీసుకుంది. తల ఎత్తలేదు.

"నీది లోపలుంది. ఇది నాది."

అని ఆ రొట్టెను తిప్పి, మందంగా ఉన్న పక్క మీద అరచెయ్యి వేసింది.